అత్త ఇంట్లో కంప్యూటర్ విప్పిన మధ్యాహ్నం

మా మేనత్త చనిపోయింది. మొన్న పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి, "అమ్మ ఇగ లేదే" అని ఏడ్చింది. నిద్రలోనే పోయిందట. ఆ మాట వినగానే దుఃఖంతో పాటు మనసుకు కొంత నెమ్మది కూడా కలిగింది. ఆమె అంత ప్రశాంతంగా పోతుందని ఒకప్పుడు మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఏదో ఒకరోజు మామ చేతిలోనే పోతుందనుకునేవాళ్లం. అలా అనుకుంటూనే పండగలకు పిలిచి ఆయనకు కొత్తబట్టలు పెట్టేవాళ్లం.

మీలో తిరుమలగిరి వైపు ఉన్నవాళ్లకు ఆమె తెలిసే ఉంటుంది. మిలిటరీ క్వార్టర్ల గోడకు ఇవతలి గల్లీలో రెండు గదుల ఇల్లు, ముందుగదిలో కుట్టుమిషన్. జవాన్ల భార్యలంతా జాకెట్లు ఆమె దగ్గరే కుట్టించుకునేవాళ్లు. వాళ్లతో అత్త మాట్లాడే హిందీలో సగం తెలుగే. కొలత తీసేటప్పుడు, "ఊపిరి బిగపట్టకు బిడ్డా. రేపు తొడుక్కున్నంక ఊపిరి తీసుకోవద్దా?" అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

జాకెట్ డిజైన్లు డీవీడీల మీద వస్తున్న రోజుల్లో ఆమె కంప్యూటర్ కొన్నది. తెరమీద చూపిస్తే గిరాకీలు తొందరగా ఎంచుకుంటారని. కొన్న కొద్దిరోజులకే నాకు ఫోన్ చేసింది. నేనప్పుడు మారేడ్‌పల్లిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుండేదాన్ని.

"కోడలా, డిస్కు పెడితే కక్కుతున్నది. జెర వచ్చి చూస్తవా? మధ్యాహ్నం రా. మీ మామ ఉండడు."

వెళ్లాను. అత్త పక్కనే నిలబడి కుట్టిన జాకెట్లు ఇస్త్రీ చేస్తోంది. డిస్కు పెట్టాను. లైటు మిణుకుమంది, లోపల కరకరమని ఏదో గీసుకుంది, ట్రే బయటికి వచ్చేసింది. డిస్కు మీద కొత్త గీత పడింది. నా సంచిలోంచి వేరే డిస్కు తీసి పెట్టినా అదే వరస. వెనకున్న కరెంటు కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించాను. ఈసారి ట్రే లోపలే ఇరుక్కుంది. అత్త గాజులకు ఉన్న పిన్నీసు తీసిచ్చింది. దాన్ని డ్రైవ్ ముందున్న చిన్న రంధ్రంలో గుచ్చి, ట్రేను బయటికి లాగాను.

"కొత్తదే కదత్తా, షాపోళ్లు మార్చిస్తరు. పోదాం పా."

"వద్దు తియ్."

"ఎందుకు? తప్పు వాళ్లదే గదా."

"వాళ్లది కాదు."

డబ్బా పక్కరేకు విప్పి కిటికీ వెలుగులో చూశాక అర్థమైంది. రేకు లోపలికి సొట్టపోయింది. బూటు మొన తగిలిన చోటు స్పష్టంగా తెలుస్తోంది. ఆ దెబ్బకే డ్రైవ్ అడుగు వంగి, తిరిగే డిస్కుకు తగులుతోంది. అత్త ఇస్త్రీ ఆపలేదు.

"మీ మామ తన్నిండు," అంది, ఎవరింటి ముచ్చటో చెబుతున్నట్టు. "నన్నే తన్నవోయిండు. నేను పక్కకు జరిగిన. దానికి తాకింది."

వంగిన రేకును నేను సరిచేస్తుంటే మామ వచ్చాడు. పని దగ్గర ఎవరితోనో గొడవపడి మధ్యలోనే వచ్చేశాడని తర్వాత తెలిసింది. తాగి లేడు. ఆయన ఎప్పుడూ తాగి కొట్టలేదు. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను.

విప్పిన కంప్యూటర్ను, నన్ను చూశాడు. "ఇంటి ముచ్చట్లు బయటేస్తున్నవా?" అన్నాడు అత్తతో. జవాబు కోసం ఆగలేదు. జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని మిషన్ బల్ల అంచుకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పన్ను విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మడతపెట్టిన జాకెట్ల మీద నెత్తురు చిందింది. నేను ఆయన చెయ్యి పట్టి లాగాను. ఆమెను వదిలి నా గొంతు పట్టుకున్నాడు. గోడకు అదిమి బొటనవేళ్లతో నొక్కాడు. నా కాళ్లు నేలకు ఆనడం లేదు. గది మసకబారిపోతోంది.

అప్పుడు మాంసం కాలిన వాసన, ఆయన అరుపు ఒక్కసారే తెలిశాయి. అత్త ఇస్త్రీపెట్టెను ఆయన ముంజేతికి ఆనించి పట్టుకుంది. ఆయన నన్ను వదిలేశాడు. ఆమె మాత్రం పెట్టె తియ్యలేదు. రెండో చేత్తో ఆయన ఆమె తలమీద గుద్దుతున్నా, వాకిలి దాకా వెనక్కి నెట్టుకుంటూ పోయింది.

"నన్ను ఇన్నేండ్లు కొట్టినవ్, ఊకున్న. పిల్ల గొంతు పడ్తవా?" అంది. నోట్లోంచి నెత్తురు కారుతోంది. గొంతు మాత్రం పెంచలేదు.

మామ కాలిన చెయ్యి పట్టుకుని బయటికి పరుగెత్తాడు. అత్త కొంగుతో నోరు అదుముకుని, ఇంటికి తాళమేసి, నన్ను ఆటోలో పోలీసుల దగ్గరికి తీసుకుపోయింది. ఏం జరిగిందని అక్కడాయన అడిగితే, "మొగుణ్ణి కాల్చిన, రాసుకోండ్రి. కానీ మొదటికెళ్లి షురూ చెయ్యుండ్రి, పెండ్లైన కాడికెళ్లి," అంది. ఆమె చెబుతూ పోతే ఆయన మధ్యలో కలం ఆపి మంచినీళ్లు తెప్పించాడు.

తర్వాత రాజీ చేయడానికి మా నాన్న వెళ్లాడు. "అన్నా, అన్నం తిని పో. ఆ ముచ్చట మాత్రం తేకు," అందట. మామ తన తమ్ముడి ఊరికి వెళ్లిపోయాడు. ఒకసారి తిరిగొచ్చి తలుపు తన్నితే, గల్లీలోని ఆడవాళ్లు చేతికందిన కర్రలు తీసుకుని బయటికొచ్చారు. మళ్లీ రాలేదు. కొన్నేళ్లకు అక్కడే పోయాడు. అత్త వెళ్లలేదు.

కొత్త డ్రైవ్ నేనే బిగించాను. తెరమీద మొదటి డిజైన్ కనబడగానే, విరిగిన పన్ను సందు కూడా కనిపించేలా నవ్వింది. తర్వాత ఆమె దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలకు, గుడ్డ మీద కత్తెర పెట్టకముందే, "ఇంట్ల ఎవరన్న కొడ్తున్నరా?" అని అడిగేది. అవునంటే ఆరోజు పని నేర్పేది కాదు. కూర్చోబెట్టి మాట్లాడేది. నేను బతికి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆమె వల్లనే.

పోయిన నెల వెళితే డాబా మీద కూర్చుని ఉంది. సాయంత్రం పరేడ్ మైదానం వైపు నుంచి మిలిటరీ బ్యాండు సాధన మొదలైంది. దెబ్బలకు ఆమె ఎడమ చెవి ఎప్పుడో పోయింది. నాతో చెబుతున్న మాట సగంలో ఆపి, కుర్చీ మెల్లగా తిప్పుకుని, వినపడే చెవిని ఆ పాట వైపు పెట్టింది. కళ్లు మూసుకుంది. ఒళ్లో ఉన్న చెయ్యి తాళం వేయసాగింది.