ఇనుప నాణేలు

రాయ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో విశాఖ బండి కోసం కూర్చుని కూర్చుని విసిగిపోయి, జేబులోని పాత జపాన్ నాణెం తీసి చూస్తున్నాను. నడుమ చదరపు రంధ్రమున్న రాగి నాణెం అది. పక్కనున్న పెద్దాయన చెయ్యి చాచారు.

"ఒకసారి చూడొచ్చా బాబూ?"

భూతద్దం పెట్టి అక్షరాలూ అంచులూ చాలాసేపు పరీక్షించారు. "అసలీదే అనిపిస్తోంది."

"తెలుసండీ, అయస్కాంతానికి అంటుకోలేదు. హార్బరులో పనిచేసేటప్పుడు మా నాన్న ఇలాంటివి మూడు కొన్నాడు. మిగతా రెండూ అంటుకున్నాయి. నక్లీవని సిల్తారాలో మా ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే భట్టీలో పడేశాను."

ఆయన తలెత్తారు. "అరె! రాగి చాలనప్పుడు జపాన్‌వాళ్లు ఇనుముతో కూడా పోశారు కదా!"

"అయితే అవి అసలీవేనా?"

"చూడకుండా ఎలా చెప్పను బాబూ?"

నాణెం నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూశారు. అంతలో ఆయన బండి వచ్చింది.

మోసపోయావని నాన్నను నలుగురిలో ఎగతాళి చేసింది నేనే. భట్టీ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. మర్నాడు ఇంటికి చేరగానే, "నాన్నా, ఆ రెండూ అసలువేనేమో" అన్నాను.

"ఏవీ, ఇలా తే" అంటూ నాన్న కళ్లజోడు వెతుక్కోసాగాడు.