కిష్టమ్మ చైనా ఫోన్

ఆ రోజు కిష్టమ్మ సంచిని గేటు దగ్గరి బల్ల మీద బోర్లించింది నర్సింహే. మాదాపూర్‌లోని ఆ అద్దాల ఆఫీసులో ఆమె నేలలు తుడుస్తుంది, అతను కాపలా కాస్తాడు. ఐదో అంతస్తులో ఒక ఇంజనీరు ఫోన్ పోయిందనగానే సూపర్‌వైజర్ అనుమానం తుడిచేవాళ్ల మీదికే పోయింది. ఇంకెవరి మీదికి పోతుంది? సంచిలోంచి టిఫిన్ గిన్నె, దువ్వెన, నాలుగు స్పీకర్ల చైనా ఫోన్ జారిపడ్డాయి.

"నేలలు తుడిచేదానికి ఇంత పెద్ద ఫోనా?" అంటూ సూపర్‌వైజర్ దాన్ని సొరుగులో పడేసి తాళం వేశాడు.

మూడో రోజున ఇంజనీరు ఫోన్ అతని కారు సీటు కిందే దొరికింది. కిష్టమ్మ ఫోన్ ఆమెకు తిరిగొచ్చింది. తప్పయిందన్న మాట మాత్రం అద్దాల వెనక నుంచీ రాలేదు, గేటు దగ్గర నుంచీ రాలేదు. ఆ మూడు రోజులూ కూతురి గొంతు వినపడక అచ్చంపేటలో ఆమె తల్లి సరిగా ముద్ద మింగలేదట. ఆ సంగతి తర్వాత తెలిసి నర్సింహ తల దించుకున్నాడు.

ఆరు నెలలకు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బతుకమ్మ పండుగ ముంగిట బస్సులు డిపోల్లోనే నిలిచిపోయాయి. నర్సింహ సమ్మెకు గొంతు చించుకుని జై కొట్టినవాడే. కానీ ఖాజాగూడలోని కిరాయి గదిలో అతని తల్లి ఈరమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది. ఆమె అక్క సరోజమ్మ కల్వకుర్తి దగ్గరి పల్లెలో ఉంటుంది. యాభై ఏళ్లుగా ఏ సద్దుల బతుకమ్మ నాడూ ఆ అక్కాచెల్లెళ్లు వేర్వేరుగా ఆడింది లేదు.

"తెలంగాణ రావాలె గని, బస్సు గూడ రావాలె గదరా!" అని కొడుకును కసిరింది. "మా అక్క లేకుంట నేను పువ్వు ముట్ట."

మర్నాడు గేటు దగ్గర అతని మొహం చూసి కిష్టమ్మే పలకరించింది.

"ఏంది తమ్మీ, ఇయ్యాల ఎవ్వరి సంచి దొరకలేదా?"

నర్సింహ ఆ దెబ్బ తిని, తల్లి సంగతి చెప్పాడు. కిష్టమ్మ చీపురు గోడకు ఆనించింది.

"మీ పెద్దమ్మ కాడ ఫోన్ ఉందా?"

"ఆమె కొడుకు కాడ ఉన్నదక్కా."

"అయితే పండుగ నాడు నేనొస్త. నాలుగు స్పీకర్లు ఊకెనే ఉన్నయా?"

పండుగ సాయంత్రం తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మను వాకిట్లో పెట్టారు. కిష్టమ్మ వచ్చి సరోజమ్మ కొడుకుకు ఫోన్ కలిపింది, పల్లెలోనూ అక్కడి బతుకమ్మ ముందు ఫోన్ పెట్టారు. "మా అక్క గూడ నడుమల ఉండాలె" అంటూ ఈరమ్మ చైనా ఫోన్‌ను బతుకమ్మ మీద, పసుపు గౌరమ్మ పక్కనే పూలలో కుదురుగా దోపింది. ఆట మొదలైంది. కానీ పల్లె చప్పట్లు ఫోన్లో ప్రయాణం చేసి వచ్చేసరికి ఇక్కడి చప్పట్లు ముందుకు పోతున్నాయి.

"అక్కా, వెనకవడ్డవే! చిన్నప్పటిసంది గింతే నువ్వు!"

"నేను వెనకవడ్డనా? నువ్వే ఉరుకుతున్నవ్ ఈరీ! నిన్నెవరన్న తరుముతున్రా?"

బస్తీ ఆడవాళ్లకు నవ్వి నవ్వి పొట్టలు నొచ్చాయి. సగం మంది అక్క వైపు చేరి ఆగి ఆగి కొట్టారు, సగం మంది చెల్లె వైపు చేరి ఉరుకులు పెట్టారు.

పొద్దు గుంకుతుంటే అదే నవ్వులతో బతుకమ్మను, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలను చెరువుకు తీసుకుపోయారు. పూలలో కూరుకుపోయిన ఫోన్ ఎవరికీ యాదికి రాలేదు. ఈరమ్మ బతుకమ్మను నీళ్ల మీదికి మెల్లగా నెట్టింది. అది నాలుగు బారల దూరం పోయి ఒక్కసారిగా గట్టిగా అరిచింది.

"ఏమే ఈరీ! సప్పుడు లేదేందే? నన్నిడిసిపెట్టి మలీద ముద్దలు తింటున్నరా?"

ఒక ముసలామె దండం పెట్టేసింది. "గౌరమ్మ పలికింది తల్లీ!"

"గౌరమ్మ కాదు, నా ఫోన్!" అని కిష్టమ్మ నెత్తి కొట్టుకుంది.

డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన నర్సింహ యూనిఫామ్‌తోనే చెరువులో దూకాడు. నడుము లోతు నీళ్లలో, ఒరిగిపోతున్న బతుకమ్మలోంచి ఫోన్ లాగి, నెత్తి మీదికెత్తి పట్టుకున్నాడు. అందులో సరోజమ్మ ఇంకా మలీద అడుగుతూనే ఉంది. ఒడ్డుకొచ్చి ఫోన్‌ను కిష్టమ్మ చేతిలో పెట్టాడు.

"తప్పయిందక్కా," అన్నాడు. అన్నది చెరువు గురించి కాదని ఆమెకూ తెలుసు.

"ఆ మాట నీ నోట్లకెళ్లి రానీకె ఆరు నెలలు పట్టిందా?" కిష్టమ్మ కొంగుతో ఫోన్ తుడుచుకుంది. "సరే గని, జర మలీద ఇటియ్యి."

ఈరమ్మ ఆ రోజు అక్కకు వినపడేలా చప్పరిస్తూ మూడు ముద్దలు తిన్నది.

కిష్టమ్మను నర్సింహ చివరిసారి చూసింది తెలంగాణ వచ్చిన ఏడాది, అదే గేటు దగ్గర. బాచుపల్లిలో ఒక బడిలో ఆయాగా చేరడానికి ఆమె ఆ రోజుతో పని మానేసి పోతోంది.

"మీ పెద్దమ్మ ఇప్పుడు ఏటా బస్సెక్కి వస్తుంది గద?" అని అడిగింది. "పక్కపక్కన ఆడితే అన్న చప్పట్లు కలుస్తున్నయా?"

"యాడ కలుస్తయక్కా? మా అమ్మ ఉరుకుడే, పెద్దమ్మ వెనకవడుడే."

కిష్టమ్మ పకపకా నవ్వి, సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అయితే నా ఫోన్ తప్పేం లేదన్నట్టు. ఇగ సంచి చూస్తవా, పోనిస్తవా?"