ఎడమకు లాగే విమానం

నలభై దాటినాక నాకు విమానాల పిచ్చి పట్టింది. కుట్టుమిషన్ పక్కనే థర్మాకోల్ షీట్లు కోసి, రిమోట్‌తో ఎగిరే చిన్న విమానం చేసుకున్నా. ఒక ఆదివారం దాన్ని ఒళ్లో పెట్టుకుని, మా ఆయన బైకు వెనక కూర్చుని ఎమ్మిగనూరు నుంచి బళ్లారికి పోయినా. ఊరి బయట, ఇండ్లింకా కట్టని లేఅవుట్ రోడ్డు మీద కొందరు మగవాళ్లు విమానాలు ఎగరేస్తాండారు.

"మా ఇంటామె బట్టలు కుడతాది. ఇది కూడా ఆమే చేసింది" అని మా ఆయన గొప్పగా చెప్పినాడు. అందరూ ఆగి నా దిక్కు చూసినారు. విమానాన్ని రోడ్డు మీద పెట్టి రిమోట్ పట్టుకున్నా. మెల్లగా పెంచాల్సిన వేగం ఒకేసారి పెంచేసినా. ప్రొపెల్లర్ ఊపుకి విమానం నేల మీదనే ఎడమకు లాగుతాది. తోకరెక్కను కొంచెం కుడికి తిప్పి ఆపుకోవాల. కంగారులో నేను ఎడమకే తిప్పినా. అది పోయి, ఒక పెద్దాయన పక్కన నిలబెట్టుకున్న విమానాన్ని గుద్ది రెక్క విరిచేసింది.

సన్నటి చెక్కపుల్లలు అతికించి చేసుకున్న విమానం. ఆ పొద్దే మొదటిసారి ఎగరేద్దామని తెచ్చుకున్నాడంట.

"మిషన్ తొక్కుకోకుండా ఇదేందప్పా ఈమెకు!" ఎవరో నవ్వినారు.

పెద్దాయన వంగి పుల్లలు ఏరుకుంటా, "పర్వాగిల్లమ్మా, ఏం కాదులే, నేల మీద అందరం తప్పినోళ్లమే" అన్నాడు.

తల ఎత్తలేకపోయినా. విమానం ఒళ్లో పెట్టుకుని బైకెక్కినా.

"ఆయప్ప ఏమీ అనలేదు గదా, ఏంది నీ బాధ?" అన్నాడు మా ఆయన.

"తిట్టింటే బాగుండు."

ఆ తర్వాత వడ్లు ఆరబోసే కళ్లంలో విమానాన్ని నేల మీదనే నడిపినా, పైకి లేపకుండా. అది గీత గీసినట్టు పోయేదాకా బళ్లారికి పోలేదు. పోయినప్పుడు పెద్దాయన రెక్క అతికించుకుని ఉన్నాడు, పుల్లల పైన కప్పాల్సిన గుడ్డ ఇంకా పరచలేదు.

"సార్, అది నేను పరుస్తా" అన్నా.

ఇచ్చినాడు. పల్చటి పట్టుగుడ్డ బిగించి తెచ్చినా. మరుసటి ఆదివారం ఆయన విమానం తోక నన్నే పట్టుకోమన్నాడు. "ఇంక వదులమ్మా" అనంగానే వదిలినా. అది తిన్నగా ఉరికి లేచింది. దిగేటప్పుడు ఒకసారి ఎగిరిపడి, చక్రాల మీద కుదురుకుంది.

"ఇప్పుడు నీది."

నాది కూడా లేచింది. దిగేటప్పుడు ముక్కు నేలకు కొట్టుకుంది గానీ, రోడ్డు దాటలేదు. అందరూ చప్పట్లు కొట్టినారు. నేను మాత్రం పట్టుగుడ్డ కింద ఇంకా కనపడే ఆ రెక్క అతుకుల దిక్కు చూడలేక, నా విమానానికి అంటిన ఎర్రదుమ్ము కొంగుతో తుడుచుకుంటా కూర్చున్నా.