ఏడో నెల నడక

పంజాగుట్టలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో నేను ఇరవై ఆరేళ్లుగా ఆయాను. యాభై దాటాక చదవడం నేర్చుకున్నాను. నేర్పింది మా వార్డులో కాన్పులు చేసే నర్సు, కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి. మధ్యాహ్నం కాన్పులు లేని వేళల్లో పాత కేసు షీట్ల వెనక నా చేత అక్షరాలు దిద్దించేది. డ్యూటీ దిగగానే తను ఇంగ్లీషు పరీక్ష కోచింగ్‌కని అమీర్‌పేట పరుగెత్తేది. ఆ పరీక్ష రెండుసార్లు తప్పింది.

"ఇద్దరం ఒకే క్లాసు ఆయమ్మా, ఎవరు ముందు పాసవుతామో చూద్దాం" అనేది.

నేనే ముందు పాసయ్యాను. మూడోసారి తనూ గట్టెక్కి, కాన్పుల పనికే ఇంగ్లండు వెళ్లింది. ఏడాదికి భర్త కూడా వెళ్లి, అక్కడ ముసలివాళ్లను చూసుకునే హోంలో చేరాడు.

సెలవు రోజున ఊరి బయట నడవడం ఆమెకు అక్కడే అలవాటైంది. నేను చదువు మరిచిపోకూడదని అన్నీ తెలుగులో రాసి పంపేది. అక్కడ ఇంకొకరి పొలాల మధ్య నుంచి దారి ఉంటుందట, ఎవరైనా నడిచి పోవచ్చట. గేటు తీస్తే మళ్లీ వేసి పోవాలట, గొర్రెలు బయటికి పోకుండా. రాళ్లు పేర్చిన గోడలు, వాటిని దాటడానికి చెక్క మెట్లు. 'రెండు గంటలు నడిచాను, ఒక్క మనిషీ ఎదురు రాలేదు. ఎంత హాయిగా ఉందో!' అని ఒకసారి రాసింది. ఆ మాట నేను అమీర్‌పేట మెట్రో మెట్ల మీద, జనం భుజాలు తగులుతుంటే చదివాను. నాకు హాయి అనిపించలేదు. అంత ఖాళీలో పడిపోతే లేపేదెవరు?

కడుపుతో ఉన్నా నడక మానలేదు. ఏడో నెలలో ఒక ఫోటో పంపింది. పొలం గేటు మీద ఎడమ చెయ్యి, వెనక కొండలు. నేను కొండలు చూడలేదు. వేలికి ఉంగరం లేదు, దాని గుర్తు మాత్రం ఉంది. వేళ్లు ఉబ్బి ఉన్నాయి.

ఉంగరం ఎందుకు పట్టదో నాకు తెలుసు, బీపీ పెరిగిన గర్భిణులకు చేతులు అలాగే నీరు పడతాయి. అయినా ఏమీ అనలేదు. ఎన్ని కాన్పులు చూసినా ఆయా సిస్టర్‌కు చెప్పదు. డ్యూటీకని తీసి పెట్టిందేమోనని సర్దిచెప్పుకుని, 'బాగుంది' అని రాసి పంపాను. ఆ వారమంతా వార్డు తుడుస్తుంటే ఆ చెయ్యే కనపడేది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ఫోటో వచ్చింది. వాళ్లకు అప్పుడు పొద్దున. గోడ దాటే చెక్క మెట్టు మీద కూర్చుంది. షూ తాళ్లు పూర్తిగా విప్పేసి ఉన్నాయి. కనురెప్పలు బరువుగా వాలి, ముఖం వేరే మనిషిదిలా ఉంది. బకెట్ పక్కన పెట్టి ఫోన్ చేశాను.

"ఏంటి ఆయమ్మా, డ్యూటీ ఎగ్గొట్టావా?"

"షూ తాళ్లు ఎందుకు ఇప్పినవ్ బిడ్డా?"

"బిగుస్తున్నాయి. నడిస్తే కాళ్లు వాయవా? మొదలెట్టావా నీ ఇన్‌స్పెక్షన్!"

వార్డులో చేరే ప్రతి గర్భిణిని ఆమె అడిగే ప్రశ్నలు నేను కర్టెన్ ఇవతల నిలబడి ఏళ్ల తరబడి విన్నాను. అవే, అదే వరుసలో అడిగాను.

"తలకాయ నొస్తుందా?"

"కొంచెం. రెండ్రోజుల్నించి."

"కండ్ల ముంగట మెరుపులొస్తున్నయా?"

నవ్వబోయి ఆగింది. ఫోన్‌లో గాలి చప్పుడు.

"గొర్రెల మీద తెల్లగా చుక్కలు కనపడుతున్నాయి ఆయమ్మా. ఎండకేమో అనుకున్నా."

"ఎండ ఉన్నదా ఆడ?"

తలెత్తి చూసినట్టుంది. "లేదు. మబ్బుగా ఉంది."

"పై కడుపుల నొప్పి?"

"ఉంది."

మూడో ప్రశ్నకు కూడా అవునంటే, ఫిట్స్ రాకముందే అని మేం స్ట్రెచర్ కోసం పరుగెత్తేవాళ్లం. అక్కడ ఆమె పక్కన గొర్రెలు తప్ప ఏమీ లేవు.

"లేవకు. ఆడనే కూసో. మీ ఆయనకు గాదు, ముందు అంబులెన్స్‌కు చెయ్యి. నేను పెట్టేస్తున్న" అని ఫోన్ కట్ చేశాను. నేను లైన్లో ఉంటే ఆమె వాళ్లకు ఫోన్ చెయ్యడం కుదరదు.

అరగంటకు ఒక్క మాట వచ్చింది: 'వస్తున్నారు.' ఆ తర్వాత ఏమీ లేదు. చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. సాయంత్రానికి మోగడం కూడా ఆగిపోయింది.

సోమవారం మధ్యాహ్నం ఆమె భర్త చేశాడు. అంబులెన్స్‌లోనే ఫిట్స్ వచ్చాయట. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. "ఆడపిల్ల ఆయమ్మా. గాజు పెట్టెలో పెట్టారు. ఈవిడింకా కళ్లు తెరవలేదు" అని పెట్టేశాడు.

మూడో రోజు ఆమే వీడియోలో కనిపించింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"బీపీ మెషీన్ ఇంట్లోనే ఉంది ఆయమ్మా. వారం నుంచి పెట్టుకోలేదు. పెట్టుకుంటే నంబరు కనపడుతుంది కదా."

"నేను సుత చూసిన బిడ్డా. పోయిన వారం నీ చెయ్యి చూసిన. చెప్పలే."

ఫోన్‌ను పక్కకు తిప్పింది. గాజు వెనక పాప, నా అరచేతికి సరిపోయేంత, ముక్కుకు గొట్టం.

"ఏడ్సిందా?"

"ఇంకా లేదు."

నేను వార్డు గోడకు ఆనుకుని, ఫోన్ కళ్లకు దగ్గరగా పట్టుకుని, ఆ చిన్న ఛాతీ లేవడం చూశాను. దిగింది. మళ్లీ లేచేదాకా వేళ్ల మీద లెక్కపెట్టాను.