పూడిపోయిన రెండు మెట్లు

దియోలిండా వరేలా ఇరవయ్యారేళ్లుగా మా పారిష్ ఆఫీసు, అంటే మా ఊరి పంచాయతీ ఆఫీసు, గుమాస్తా. నివాస పత్రం, కుక్క లైసెన్సు, శ్మశానంలో ఆరడుగుల చోటు, ఏది కావాలన్నా ఆమె ముద్ర పడాల్సిందే. మునిసిపాలిటీ అంతా తేజో నదికి అవతలి గట్టున ఉంటే, మా పారిష్ ఒక్కటే ఇవతల, పల్లంలో ఉంది. వరదొచ్చి వంతెన దారి మునిగిందా, ఇక మా తిప్పలు మావే. అప్పుడు ఊరంతా దియోలిండా నోటి వైపే చూస్తుంది.

ఎగువ ఆనకట్ట నుంచి ఎన్ని వేల ఘనమీటర్లు వదిలారో రేడియోవాళ్లు చెబుతూనే ఉంటారు. ఎవడిక్కావాలండీ ఆ అంకెలు! చర్చి మెట్లు ఎన్ని మునిగాయో దియోలిండా మైకులో చెప్పాలి, అంతే. నాలుగంటే కోళ్లను అటకెక్కిస్తాం. ఆరంటే గుర్రాలను కరకట్ట మీదికి తోలేస్తాం. ఏడంటే మనుషులం కదులుతాం. తాతల నాటి లెక్క ఇది.

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం ఆమె "నాలుగు మెట్లు!" అని అరిచింది. నేను అగ్నిమాపక దళం పడవను చర్చి గేటుకు కడుతున్నాను. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నాలుగేమిటక్కా? మా అమ్మ పెరట్లో నీళ్లు అప్పుడే బావి గట్టు దాటాయి."

"కళ్లు కనపడట్లేదట్రా? ఏడు మెట్లలో పైన మూడు పొడిగా ఉన్నాయి. ఎన్ని మునిగినట్టు?"

"ఏడెక్కడివి? నా చిన్నప్పటి నుంచీ తొమ్మిది కదా!"

ఆమె ముఖం పాలిపోయింది. నిరుడు వేసవిలో మునిసిపాలిటీవాళ్లు చర్చి ముందు నేల ఎత్తు చేసి రాళ్లు పరిచారు. కింది రెండు మెట్లూ పూడిపోయాయి. "పని పూర్తయింది, మెట్లు ఏడు" అన్న కాగితం మీద సంతకం పెట్టింది దియోలిండాయే. నది మాత్రం పాత లెక్కలోనే పెరుగుతోంది. మునిగినవి ఆరు.

"ఆరు! ఆరు!" అని మైకులో గొంతు చించుకుంది. ఊరు ఉరుకులు పరుగులు పెట్టింది. కానీ దూరంగా పల్లపు పొలంలో ఒంటరిగా ఉన్న ఆమె అన్న సిల్వేరియోకి మైకు వినపడదు. ఇందాకే ఫోనులో "నాలుగే" అని ఆమే చెప్పింది. ఇప్పుడు లైను చచ్చిపోయింది.

"పడవ తియ్యరా జెఫెరీనో!"

"నువ్వెందుకక్కా, నేను వెళ్తాలే."

"మా అన్న నీ మాట వింటాడా? నోర్మూసుకుని తియ్యి!"

ద్రాక్షతోట గుంజలు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. నాకు భయమేసింది. సిగ్గెందుకు, ఉన్నమాట చెబుతున్నాను.

సిల్వేరియో ఇంటి బయటి మెట్ల మీద నడుంలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఆడగుర్రం తాడు. అది మెడలోతు నీళ్లలో వణుకుతోంది, మెట్లెక్కనంటోంది.

"ఎక్కండి పెద్దాయనా, పడవెక్కండి!" అన్నాను.

"పోరా! నాలుగు మెట్లేగా. సాయంత్రానికి వరద తీసేస్తుంది. చూడితో ఉన్నదాన్ని వదిలేసి రమ్మంటావా?"

నది ఒక్కసారిగా పొంగిందనో, ఆనకట్ట తలుపులెత్తారనో ఆమె అనొచ్చు. నేనెలాగూ కాదనను. అలాగే అంటే బాగుండుననిపించింది కూడా.

"నాలుగు కాదన్నయ్యా. నేను ఫోన్ చేసినప్పుడే ఆరు. ఇప్పుడు ఎనిమిదై ఉంటాయి. నేనే తప్పు లెక్కపెట్టాను."

ఆయన గుర్రం వైపు తిరిగాడు.

"అప్పుడే ఆరని ఉంటే దీన్ని కట్ట మీదికి నడిపించుకుపోయేవాణ్ణి కదే."

"అవును."

ఆయన తాడు వదిలేసి పడవెక్కాడు. గుర్రం మా వెనకే ఈదుకుంటూ వచ్చింది. ద్రాక్షతోట దాటాక వరద వడి దాన్ని పక్కకి ఈడ్చేసింది. దియోలిండా శాలువాతో ముఖం కప్పుకుంది. సిల్వేరియో ఆ శాలువా పట్టి కిందికి లాగాడు.

"మొహం తిప్పుకోకు. చూడు."

ఆమె చూసింది. ఆ చెవులు నీళ్ల కిందికి పోయేదాకా చూసింది. నేను మాత్రం చూడలేకపోయాను.