జనరల్ గారి చివరి కోటు

మా నాన్న దర్జీ. ఊరంతా ఆయన్ని జనరల్ గారి దర్జీ అనేవారు. ఆ మాట చెవిన పడితే చాలు, నాన్న ఛాతీ ఉబ్బిపోయేది. మా అమ్మ జాకెట్లు మాత్రం నెలల తరబడి కుట్టు బల్ల కింద మూలుగుతూ ఉండేవి. "నేనూ ఏదో ఒక యుద్ధం గెలిచొస్తే గానీ నా వంతు రాదు" అనేది అమ్మ.

జనరల్ గారు మొదటిసారి మా కొట్టు మెట్లెక్కినప్పుడు భుజం మీద ఒకే ఒక్క నక్షత్రం ఉన్న కుర్రాడట. పదవి పెరిగినప్పుడల్లా కొత్త కోటు మా నాన్నే కుట్టాడు. నది ఒడ్డున శత్రువులు చుట్టుముట్టినప్పుడు, గాయపడ్డవాళ్ళలో ఒక్కణ్ణీ వదిలిపెట్టకుండా జనరల్ గారు తన దళాన్నంతా అవతలి ఒడ్డుకి చేర్చారు. ఆయన పేరు దేశమంతా మారుమోగింది. ఆ యుద్ధం చూసొచ్చిన కోటును మా నాన్న బల్ల మీద పరిచి, కాలరు పాడుచేసుకొచ్చారని విసుక్కున్నాడు. అదీ మా నాన్న వరస.

జనరల్ గారికి టేపు పెట్టి కొలవడం నాన్న ఎప్పుడో మానేశాడు. "ఆయన ఒళ్ళు నాకు కంఠతా వచ్చు" అని గొప్పలు పోయేవాడు. పదవీ విరమణ తర్వాత కూడా జనరల్ గారు ఏటా ఆ నది యుద్ధం జరిగిన రోజున యూనిఫాం వేసుకుని, కవాతు మైదానంలో తన పాత సైనికుల ముందు నిలబడేవారు. ఒక ఏడు, పాత కోటు వెలిసిపోయింది, కొత్తది కావాలని కబురు పంపారు. పెద్ద జబ్బు చేసి లేచారని మాకు తెలుసు. అయినా నాన్న మామూలుగానే కంఠతా కుట్టేశాడు.

ఇద్దరం ఆయన ఇంటికి పట్టుకెళ్ళాం. తొడిగి చూస్తే, కోటు లోపల జనరల్ గారు ఎక్కడున్నారో వెతుక్కోవాల్సి వచ్చింది. భుజాలు మోచేతుల వైపు జారిపోయాయి. నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. జనరల్ గారి భార్య కిటికీ వైపు తిరిగిపోయింది.

"ఏం కాదమ్మా, భుజాల్లో దూది పెడతాను. ఛాతీ దగ్గర ఇంకో పొర వేస్తాను. అచ్చం ఎప్పట్లాగే ఉంటారు" అన్నాడు నాన్న.

"ఎప్పట్లా లేనుగా మాస్టారూ" అన్నారు జనరల్ గారు, మంచం మీద కూర్చుంటూ. "చెయ్యి పోయినవాళ్ళు చొక్కా చేతిని మడిచి పిన్ను పెట్టుకుని వస్తారు ఆ మైదానానికి. వాళ్ళ ముందుకి నేను దూది పెట్టుకుని వెళ్ళనా? టేపు తీయండి."

"జనం జాలిపడతారు సార్. అది నేను చూడలేను."

"అయితే చూడకండి. కుట్టండి చాలు."

"మొండి మనిషి, మొండి మనిషి" అని దారి పొడుగునా గొణుగుతూనే కొత్త కొలతలతో కొట్టుకి వచ్చి, వేసిన కుట్లన్నీ విప్పాడు నాన్న. గుడ్డ కత్తిరించి పక్కన పడేస్తున్నప్పుడల్లా ఆయన చెయ్యి ఆగిపోయేది. కోటు చిన్నదవుతుంటే చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయాను. మాకు వచ్చే కీర్తి పోతుందని కాదు. అంతటి మనిషిని చూసి ఎవరైనా "పాపం" అంటే నాన్న తట్టుకోలేడని నా భయం.

నది యుద్ధం రోజున మైదానంలో నాన్న నా వెనక నక్కి తల వంచుకున్నాడు. జనరల్ గారు కర్ర ఆనించుకుంటూ వచ్చారు. నిజంగానే పిట్టంత మనిషైపోయారు. జనంలో గుసగుసలు బయల్దేరాయి. "అయ్యో, ఇలా అయిపోయారేంటి!" అంది పక్కావిడ. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

జనరల్ గారు కర్రను వెంట వచ్చిన భార్య చేతికిచ్చి నిటారుగా నిలబడ్డారు. పాత సైనికులు వరసగా ఆయన ముందు నుంచి నడిచారు. కుడి చెయ్యి లేని ఒకాయన ఎడం చేత్తో సెల్యూట్ చేశాడు. జనరల్ గారు చేతిని నుదుటికి ఎత్తి, చివరి మనిషి దాటేదాకా దించలేదు. పక్కావిడ కూడా లేచి నిలబడింది.

"నాన్నా, ఒక్కసారి తలెత్తి చూడు" అన్నాను.

చూశాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"చెయ్యి అంతసేపు ఎత్తినా, భుజం దగ్గర ఒక్క ముడత పడలేదే" అన్నాడు.