కంఠతా వచ్చిన చార్టు

2006 వేసవి చివర నన్ను ఇల్లందు కంటి కేంద్రానికి నేత్ర సహాయకురాలిగా వేశారు. ఖమ్మంలోని ఒక కంటి ఆసుపత్రికి అది శాఖ. చూపు కొలవడం, చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేయడం, కేసు కాగితం రాయడం నా పని. డాక్టరుగారు గురువారాలు మాత్రమే వచ్చేవారు. మిగతా రోజులు నేనూ, టేకులపల్లి వైపు నుంచి బస్సుల్లో వచ్చే జనమూ. నలుగురిలో గొంతు పెగలని నేను "ఇది చదవండి, ఇది?" అని రోజంతా అడగడంతోనే అలసిపోయేదాన్ని. నాలుగేళ్ళకు మానేశాను.

ఆ మొదటి ఏడాదే డేవిడ్ అనే ఇరవై ఏళ్ళ అబ్బాయి కుడికంటికి క్రికెట్ బంతి తగిలి వచ్చాడు. కంటి వెనకపొర నడిమధ్యన, అక్షరాలు చదవడానికీ మొహాలు గుర్తుపట్టడానికీ పనికొచ్చే చోటును మాక్యులా అంటారు. అక్కడ చిన్న రంధ్రం పడింది. ఎదుటి మనిషిని చూస్తే ముక్కు ఉండాల్సిన చోట మసక. దీనికి హైదరాబాదులో ఆపరేషన్ ఉంది. కానీ దెబ్బ వల్ల పడిన రంధ్రం చిన్నవయసులో కొన్ని నెలలకు దానంతటదే మూసుకోవచ్చు, నెలనెలా చూస్తూ ఆగుదామన్నారు డాక్టరుగారు.

ఆగే వ్యవధి వాళ్ళకు లేదు. తండ్రి బొగ్గుగనిలో పనిచేస్తూ చనిపోయాడు. ఆ ఉద్యోగం కొడుక్కి రావాలంటే గని ఆసుపత్రిలో చేసే మెడికల్ పరీక్షలో నెగ్గాలి. అది దగ్గరపడింది. "మందు లేదు, సూది లేదు. ఊకె సూసి పంపుతరా? గిదేం దవాఖానా బిడ్డా" అంది తల్లి రూతమ్మ. నేను కాగితం మీద మళ్ళీ రావాల్సిన తారీకు వేశాను.

మూడోసారి వచ్చినప్పుడు డేవిడ్ ఎడమకన్ను మూసుకుని చార్టంతా గడగడా చదివేశాడు. మంచి చూపున్నవాళ్ళు కూడా చివరి వరుస దగ్గర కాస్త ఆగుతారు. అతను ఎక్కడా ఆగలేదు. నేను ఇంకో చార్టు తగిలించి, చివరి వరుస చదవమన్నాను. పాత చార్టులోని చివరి వరుసే అప్పజెప్పాడు.

అక్కడున్నవి వేరే అక్షరాలని మెల్లగా చెప్పాను. అతను తల దించుకున్నాడు. రూతమ్మ తగ్గలేదు. వరండా బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా తలుపులోంచి చార్టు చూసి ఆవిడే నేర్పించిందట.

"సండే స్కూల్ల కీర్తనలకు కీర్తనలే కంఠతా పట్టించిన. గీ నాలుగక్షరాలు పట్టియ్యలేనా?"

"ఊకో అమ్మా" అన్నాడు డేవిడ్.

"నువ్వూకో. మెడికల్ల గూడ గిదే చార్టుంటదని జెప్పింది నీ దోస్తే గదరా."

డాక్టరుగారు లెన్సుతో చూశారు. రంధ్రం అలాగే ఉంది. సన్నని వెలుగుగీతను కంట్లోకి వేసి ఎలా కనిపిస్తోందని అడిగితే, ఈసారి నిజం చెప్పాడు. "నడుమ తెగింది సార్." చూపు బాగుందని రాసి ఉంటే మేం చూడటం అక్కడితో ఆగిపోయేది. కన్ను పరిశీలనలో ఉందనీ, మూడు నెలల తర్వాత పరీక్షించాలనీ డాక్టరుగారు గని ఆసుపత్రికి రాసిచ్చారు. "ఆగుమని రాసిచ్చెటందుకు గింత సదువు సదివిండ్రా" అంటూ రూతమ్మ ఆ కాగితాన్ని కొంగున కట్టుకుంది.

గనివాళ్ళు గడువిచ్చారు. అది తీరేలోగా రంధ్రం ఏ ఆపరేషనూ లేకుండా మూసుకుంది. వెలుగుగీత కలిసింది గాని "జరంత వంకరున్నది" అన్నాడు డేవిడ్. చార్టులో కింది రెండు వరుసలు కనిపిస్తలేవని తనే చెప్పాడు. ఆ చూపుతో భూగర్భంలోకి దింపలేదు. పైన, తక్కువ జీతపు పనిలో పెట్టారు. రూతమ్మ ఆ కబురు చెప్పడానికి వచ్చి, "గదన్న మిగిలింది" అని బస్సుకు వెళ్ళిపోయింది.

తర్వాతి ఏళ్ళలో పెద్దవయసులో ఇలాంటి రంధ్రం పడినవాళ్ళు కొందరు వచ్చారు. ఎక్కువమందికి దానంతటది మూసుకోలేదు, ఆపరేషన్‌కు పంపాం. ఎవరికి మూసుకుంటుందో ముందుగా చెప్పలేం. రోగిని ఆగమన్నప్పుడు, ఆగితే అతనికి ఏం పోతుందో కూడా అడగాలి. దానికి తగిన కాగితం మొదటిరోజే చేతికివ్వాలి. లేకపోతే చార్టు కంఠతా పట్టి వస్తారు.